కుట్టు కింద గుడ్డ

కైకలూరు,
9 జూన్ 2024.

అక్కా,

సలాం. బావగారికి కూడా చెప్పు.

ఈ మూటలో ఉన్న జాకెట్ గుడ్డలు మా ఆడపడుచు జాస్మిన్‌వి. ఆది జాకెట్టు కూడా పెట్టాను. చంక దగ్గర పట్టేస్తోందట, కాస్త వదులు చెయ్యి. గుడ్డల మధ్య ఉత్తరం చూసి, చేతిలో ఫోన్ పెట్టుకుని ఈ కాగితాలేవిటే అని తిడతావని తెలుసు. ఈ ఇంట్లో ఫోన్‌లో మాట్లాడ్డం అంటే మైకులో మాట్లాడ్డమే. అత్తయ్యగారికి సరిగా వినపడదు కదా, అందుకని ఎవరు చేసినా స్పీకర్ పెట్టేస్తారు, అందరికీ అలవాటైపోయింది. పోనీ వాట్సాప్ పెడదామంటే నా ఫోన్ పగలంతా మా తోటికోడలి పిల్లల చేతుల్లోనే. జాకెట్ల మూట మాత్రం నేను తప్ప ఎవరూ విప్పరు.

షాబాజ్ గురించి రాస్తున్నాను. వాడు పుట్టినప్పుడు ఆసుపత్రి ఆయమ్మ ఎత్తుకొచ్చి "మీ మనవడికి దేవుడే సున్తీ చేసి పంపాడండీ" అంది, గుర్తుందా? అత్తయ్యగారు వీధి వీధంతా లడ్డూలు పంచారు. ఇప్పటికీ ఎవరింటికెళ్ళినా అదే మాట, లక్షమందిలో ఒకడికి దొరికే దీవెన అని. నేనూ మురిసిపోయాను, అబద్ధం ఎందుకు.

ఇప్పుడు వాడు మంచం పట్టుకుని నిలబడుతున్నాడు. నిలబడి పోస్తుంటే చూశాను. ధార ముందుకి రావడంలేదు అక్కా. తొడల మీదుగా కారి పాదాలు తడిసిపోతున్నాయి. చివర ఉండాల్సిన కన్నం చివర లేదు, అడుగుపక్క మధ్యలో ఎక్కడో ఉంది. అడుగున తోలే లేదు. పైన మాత్రం ముసుగులా వేలాడుతోంది. అది చూసే కాబోలు ఆయమ్మ అలా అంది.

ఇది దీవెనా, జబ్బా? కడుపుతో ఉన్నప్పుడు వాంతులని మాత్రలు సరిగా వేసుకోలేదు, దానివల్లేనా? నదీమ్ చేపల లారీలకి ఐసు తోలి వచ్చేసరికి వాడు నిద్రపోతాడు. ఆయన చూడలేదు. అత్తయ్యగారికి చూపు ఆనదు. స్నానం నేనే చేయిస్తున్నాను, ఇంకెవర్నీ చెయ్యనివ్వడంలేదు. రేపు బడిలో మిగతా మగపిల్లల పక్కన వీడెలా నిలబడతాడు? అది తలుచుకుంటే అన్నం సయించడంలేదు.

జాకెట్లు ఆలస్యమైనా పరవాలేదు, జవాబు ఆలస్యం చెయ్యకు.

నీ షిరీన్

*

తాడేపల్లిగూడెం,
14 జూన్ 2024.

ఒసేయ్ పిచ్చిమొద్దూ,

ఏడాది కావస్తోంది పిల్లాడు పుట్టి, ఇప్పుడా చెప్పడం! నీ మాత్రలకీ దీనికీ సంబంధం లేదు. మా కొట్టుకొచ్చే సూర్యకాంతం గారి మనవడికి అచ్చం ఇలాగే ఉంటే ఏలూరులో బాగుచేయించారు. వాడిప్పుడు గోడ మీద బొమ్మలు గీస్తున్నాడట, దేంతోనో నేను రాయను. వాళ్ళ గోడ పాడైందని ఆవిడ ఏడుపు, నాకేమో వింటుంటే కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఆ డాక్టరు చిన్నపిల్లల ఆపరేషన్లే చేస్తారట. పేరు బుచ్చిబాబు. నువ్వు నవ్వకు, నేను ఇప్పటికే నవ్వేశాను.

నా మాట విను. జాకెట్లు కొలతలు చూసుకోవాలని చెప్పి నాలుగు రోజులు ఇక్కడికి రా. నేనూ నువ్వూ ఏలూరు వెళ్ళొద్దాం. మీ ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు. మీ అత్తగారు ఊరంతా చాటుకున్న దీవెన జబ్బని తెలిస్తే ఆ మాట నీ నెత్తిన పడుతుంది. నీ కడుపే మంచిది కాదంటారు. ఆపరేషన్ అయ్యాక నేనే చెప్తాను. అంతా బాగయ్యాక ఎవరేం అంటారు, చచ్చినట్టు ఊరుకుంటారు.

ఇక్కడ పెళ్ళిళ్ళ జాకెట్లతో మెడ తిరగడంలేదు. మీ బావగారు మిషన్ల రిపేరు వదిలేసి నాకు కాజాలు కుట్టిపెడుతున్నారు, ఒక్కటీ తిన్నగా రావడంలేదు.

జాస్మిన్ ఆది జాకెట్టు చంకలో పట్టడానికి కారణం నా కుట్టు కాదు, ఆవిడ ఒళ్ళు. ఈ మాట చెప్పకు.

ఆబిదా

*

కైకలూరు,
14 జూలై 2024.

అక్కా,

బస్సులో వస్తుంటే షాబాజ్ నీ కోసం ఏడుస్తూనే ఉన్నాడు. గుండుగొలను దాటాక నిద్రపోయాడు.

ఏలూరులో డాక్టరు గారు చెబుతున్నంతసేపూ నువ్వు తల ఊపావు. నాకైతే చెవులు మూసుకుపోయాయి. "ఆపరేషన్" అన్న దగ్గర ఆగిపోయాను. ఆయన కాగితం మీద బొమ్మ వేస్తుంటే నేను పెన్ను క్యాప్ వైపు చూస్తూ కూర్చున్నాను. ఇంటికొచ్చాక ఒక్కొక్కటీ గుర్తొచ్చి భయం వేస్తోంది. బీజం దగ్గర్నుంచి ఏదో తీస్తామన్నారా? నా కొడుక్కి పిల్లలు పుట్టకుండా పోతే? ఇంకోటి, చీటీ వేస్తామన్నారు. నేను సరిగానే విన్నానా? నా పిల్లాడి మీద చీటీ ఏవిటి అక్కా, చిట్టీల పాటా? ఆ డాక్టరు మెత్తగా మాట్లాడినంత మాత్రాన నమ్మేస్తావా?

నువ్వు మళ్ళీ వెళ్ళి కనుక్కో. నాకు అర్థమయ్యేలా రాయి. నేను మళ్ళీ జాకెట్లని చెప్పి రాలేను, ఇప్పటికే "మీ అక్కకి కొలతలు రావా" అని అత్తయ్యగారు అడిగారు.

షిరీన్

*

తాడేపల్లిగూడెం,
22 జూలై 2024.

షిరీన్‌కి,

మొన్న ఏలూరు వెళ్ళాను. ఆ డాక్టరు గారి ఓపికకి దణ్ణం పెట్టాలి. నేను అడిగిందే అడుగుతుంటే ఆయన చెప్పిందే చెప్పారు. నేను కుట్టుపనిదాన్నని తెలిశాక కుట్టుభాషలోనే చెప్పారు.

నాన్న ఏలూరు బజార్లో గొడుగులు బాగుచేసేటప్పుడు మనిద్దరం పక్కన కూర్చునేవాళ్ళం కదా. కొత్త గుడ్డ వేసినా గొడుగు ఎక్కడ కారేది? కుట్టు దగ్గరే. అందుకని నాన్న కుట్టు కింద ఒక గుడ్డ ముక్క వేసి మళ్ళీ కుట్టేవారు. ఇదీ అంతే. షాబాజ్‌కి ఉన్న చర్మాన్నే మడిచి గొట్టంలా కుట్టి చివరిదాకా తెస్తారు. దాని మీద పై చర్మం కుడతారు. కుట్టు మీద కుట్టు పడితే మధ్యలో చిల్లు పడి మళ్ళీ కిందనుంచి కారుతుంది. అలా కాకుండా రెంటికీ మధ్య బతికున్న పొర ఒకటి పరుస్తారు.

ఆ పొర ఎక్కణ్ణించి తేవాలన్నదే ప్రశ్న. వాడికి పైన ముసుగులా ఉందన్నావే, ఆ తోలు లోపలి పొర తీసి తిప్పి కప్పడం ఒక పద్ధతి. కింద సంచిలోని బీజం చుట్టూ ఉండే పలచటి పొరలో కొంత తెచ్చి కప్పడం ఇంకో పద్ధతి. బీజాన్ని ముట్టుకోరు, దాని మీది దుప్పటిలో ఓ అంచు తీస్తారు, అంతే. పిల్లలు పుట్టరేమోనని నేనూ అడిగాను, సిగ్గు లేకుండా. దానివల్ల అలా జరగదన్నారు.

ఇక చీటీ. మొదటిసారి ఆపరేషన్ అయ్యే పిల్లల్లో ఏ పొర వేస్తే తక్కువ కారుతుందో ఆయన పోల్చి చూస్తున్నారు. ఒప్పుకున్నవాళ్ళకి మాత్రమే, ఎవరికి ఏ పొరో చీటీ తీస్తారు. "మంచిదేదో మీకు తెలీదా, చీటీ ఎందుకండీ" అని గట్టిగానే అడిగాను. "తెలిస్తే తియ్యనండీ, తెలియకే" అన్నారు. వద్దంటే పై తోలు పొరే వేస్తారు, బలవంతం లేదు.

ఒకటి మాత్రం నాలుగుసార్లు చెప్పారు. ఆ పై తోలు వాడికి బంగారం. ఆపరేషన్ అయ్యేదాకా దాని మీద కత్తి పడకూడదు. సాయిబుల పిల్లల్లో చాలామందికి సున్తీ చేసేశాక తీసుకొస్తారట, అప్పుడు కష్టమట. మనకా భయం లేదు లేవే. మీ అత్తగారి గొప్పే వాడికి కాపలా. దేవుడే చేశాడన్నదాన్ని మళ్ళీ ఎవరు చేస్తారు?

సెప్టెంబరు మొదటివారం రమ్మన్నారు. అప్పటిదాకా నోరు మూసుకుని ఉండు.

ఆబిదా

*

కైకలూరు,
10 సెప్టెంబరు 2024.

అక్కా,

నీకు కోపం వచ్చిందని తెలుసు. ఫోన్‌లో "జాకెట్లు తీసుకెళ్ళవా" అని నువ్వు అరిచిన అరుపుకి మా మామగారు కూడా ఉలిక్కిపడ్డారు.

నేనేం చెయ్యను? బుడమేరు నీళ్ళన్నీ కొల్లేట్లోకి వచ్చిపడ్డాయి. ఏలూరు రోడ్డు మునిగిపోయింది, బస్సుల్లేవు. చెరువుల గట్లు తెగి చేపలు రోడ్డు మీదికొస్తే జనం దోమతెరలతో పట్టుకుంటున్నారు. నదీమ్ ఐసు లారీ గట్టు మీదే ఆగిపోయింది. రైలెక్కి భీమవరం మీదుగా చుట్టు తిరిగి రావచ్చు, నాకూ తెలుసు. ఏమని చెప్పి రావాలి? ఊరు మునిగిపోతుంటే చంటిపిల్లాణ్ణి వేసుకుని జాకెట్ల కోసం వెళ్తున్నానని చెప్పనా? డాక్టరు పని అని ఒక్క మాట చెప్పి ఉంటే ఆయనే భుజాన ఎత్తుకుని తీసుకొచ్చేవాడు. చెప్పొద్దన్నావు కదా.

నీళ్ళు తియ్యగానే వస్తాను. డాక్టరు గారిని ఇంకో తారీఖు అడుగు. చీటీకి మాత్రం నేను ఒప్పుకోను. పై తోలు పొరే వెయ్యమను. చీటీ అన్న మాట వింటేనే నాకు ఒణుకు.

ఈ ఆదివారం జాస్మిన్ కొడుక్కి సున్తీ, మా ఇంట్లోనే. నీళ్ళొచ్చినా ఆపేది లేదన్నారు అత్తయ్యగారు. ఇద్దరు మనవలకీ ఒకేలాంటి తెల్లటి కొత్తబట్టలు తెప్పించారు. షాబాజ్ ఆ బట్టల సంచీలో దూరి ఆడుకుంటున్నాడు, చూస్తే ముద్దొస్తాడు.

షిరీన్

*

తాడేపల్లిగూడెం,
12 సెప్టెంబరు 2024.

షిరీన్,

నీళ్ళు, నీళ్ళు! వచ్చేవాళ్ళకి నీళ్ళు అడ్డమా? మంచం ఖాళీ పెట్టి కూర్చున్నారు డాక్టరు గారు. నువ్వు భయపడి వెనక్కి తగ్గావని నాకు తెలుసు. చిన్నప్పుడూ అంతే, పళ్ళ డాక్టరు మెట్ల దాకా వచ్చి పారిపోయావు. ఆ పన్ను ఇప్పటికీ వంకరే.

మళ్ళీ బతిమాలి అక్టోబరు మొదట్లో తారీఖు తీసుకున్నాను. ఈసారి రాకపోతే నేనే వచ్చి పిల్లాణ్ణి ఎత్తుకొచ్చేస్తాను, మీ అత్తగారు కేసు పెట్టుకున్నా సరే.

ఇద్దరికీ కొత్తబట్టలంటే బాగుంది. షాబాజ్‌కి తెల్ల టోపీ ఒకటి కుట్టాను, అంచుకి జరీ వేసి. భీమవరం మీదుగా వెళ్ళే కార్గోలో పంపుతున్నాను, ఆదివారానికి అందుతుంది. ఫంక్షన్‌లో వాడికి పెట్టి ఫోటో పంపు. కోపంలో కుట్టినా కుట్టు బాగానే వచ్చింది.

ఆబిదా

*

కైకలూరు,
17 సెప్టెంబరు 2024.

కోసేశారు.

అక్కా, ఇంకేం రాయాలో తెలియడంలేదు. ఆ పై తోలు కోసేశారు.

ఆదివారం నేను పెరట్లో బిర్యానీ దేగిశా దగ్గర ఉన్నాను. లోపల ఏడుపు వినపడింది. జాస్మిన్ కొడుకు అనుకున్నాను. అది ఆగింది. మళ్ళీ ఇంకో ఏడుపు మొదలైంది. ఆ గొంతు నాకు తెలియదా? గరిటె పారేసి పరిగెత్తాను. మా మామగారి ఒళ్ళో వాడు. తొడల మీద తెల్లగుడ్డ. నీ టోపీ వాడి తలమీదే ఉంది.

అత్తయ్యగారు నవ్వుతూ ఎదురొచ్చారు. "దేవుడు చేసినదాంట్లో పైన కొంచెం ముక్క మిగిలిపోయింది కదమ్మా, సున్తీ చేసే ఆయన ఎలాగూ వచ్చాడు, అదీ సరిచేయించేశాను, ఇంక వీడికి వంక లేదు" అన్నారు. నాకు చెప్తే పసివాడి ఏడుపు చూడలేనని ముందు చెప్పలేదట. ప్రేమతోనే చేశారు. అందుకే నాకు అరవడానికి కూడా రాలేదు. అక్కడే కూలబడిపోయాను. పిల్లాడి నొప్పి చూడలేక పడిపోయిందని అందరూ నా మొహం మీద నీళ్ళు చల్లారు.

నువ్వు చెప్పొద్దన్నావు. ఒక్క మాట, ఒక్క మాట ఆవిడతో చెప్పి ఉంటే ఆ మనిషి తన చెయ్యి అడ్డం పెట్టేది. నీ తెలివి నా కొడుకుని కోసేసింది. బట్టల మాట రాశాను కదా నేను, రెండు జతలని. నీకు తోచలేదా? నాకెందుకు తోచలేదు?

జవాబు రాయకు. నీ జవాబు నాకొద్దు.

*

తాడేపల్లిగూడెం,
30 సెప్టెంబరు 2024.

షిరీన్,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చదివి పొయ్యిలో పెట్టు.

కొట్టు మూసేసి కూర్చున్నాను. మీ బావగారు "పోనీలే ఆబిదా" అంటే ఆయన మీద పడి అరిచాను. నువ్వు నన్ను తిట్టినంత తిట్టూ సరైనదే. ఆ టోపీ గుర్తొస్తే నా చేతులు నాకే అసహ్యం వేస్తున్నాయి.

డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. నేను చెప్పడం మొదలెట్టగానే ఆయనకి అర్థమైపోయింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "దారి మూసుకుపోలేదండీ, ఇరుకైంది" అన్నారు. పుండు మాని మచ్చ మెత్తబడేదాకా ఆర్నెల్లు ఆగాలట. అప్పుడు ఆపరేషన్. పై తోలు పొర ఇక లేదు. కొంతమంది డాక్టర్లు పిల్లాడి రక్తమే తీసి యంత్రంలో తిప్పి జిగురు పొరలా చేసి వేస్తారట, దాన్నొక్కదాన్నే నమ్మలేనన్నారు. బీజం మీది పొరే వెయ్యాలి. అది గట్టిదే, రెండోసారి కుట్టాల్సిన పిల్లలకి అదే వేస్తారట. కానీ పైన కప్పే చర్మం తక్కువైంది కాబట్టి చిల్లు పడే భయం ముందుకన్నా ఎక్కువ.

"మరి చీటీ?" అని అడిగాను. "సున్తీ అయినవాళ్ళని అందులో కలపమండీ" అన్నారు. చీటీ వద్దు వద్దని ఎంత భయపడ్డామే. ఇప్పుడు ఆ చీటీలో వాడి పేరు ఉంటే చాలని ఏడ్చుకుంటూ బస్సెక్కాను.

ఇక దాచడం వద్దు. నదీమ్‌కి చెప్పు. కావాలంటే నేనే వచ్చి చెప్తాను.

ఆబిదా

*

కైకలూరు,
24 నవంబరు 2024.

అక్కా,

నువ్వు రావద్దు. చెప్పేశాను.

నదీమ్ అంతా విని ఒక్కటే అడిగాడు: "మీ అక్కకి తెలుసు, డాక్టరుకి తెలుసు, ఆ సూర్యకాంతమ్మ గారికి కూడా తెలుసు. కన్నతండ్రికి తెలియాలని నీకనిపించలేదా?" ఆ రోజునుంచీ నాతో మాట్లాడ్డం లేదు. ఆపరేషన్ మాట ఎత్తితే లేచి వెళ్ళిపోతున్నాడు. ఒకసారి కోసింది చాలు, ఇంక వాడి ఒంటి మీద కత్తి పడనివ్వనంటాడు. అక్కడ పొర తీస్తారంటే అసలు వినడు. నీ పేరు ఈ ఇంట్లో ఎవరూ ఎత్తడంలేదు.

అత్తయ్యగారు మొదట నమ్మలేదు. "దేవుడిచ్చినదాన్ని జబ్బంటావా, నా మీద నింద వెయ్యడానికి మీ అక్కచెల్లెళ్ళు అల్లిన కథ" అన్నారు. మూడు రోజులు నా చేతి అన్నం తినలేదు. తర్వాత ఓ పొద్దున కళ్ళజోడు పెట్టుకుని, పీట వేసుకుని తూము దగ్గర కూర్చున్నారు. షాబాజ్‌ని ఎదురుగా నిలబెట్టుకున్నారు. వాడు పోశాడు. వాడి పాదాలూ, ఆవిడ చీర కుచ్చిళ్ళూ తడిసిపోయాయి. ఆవిడ చాలాసేపు లేవలేదు. నేను వెళ్ళి లేపాను.

మధ్యాహ్నం వంటింట్లోకొచ్చి చిన్నగా అడిగారు. "ఆ కోసిన ముక్క పెరట్లో కరివేపాకు మొక్క దగ్గర పాతిపెట్టించానమ్మా. తవ్వి తీసుకెళ్తే డాక్టరు అతికిస్తాడేమో అడగరాదూ?"

అక్కా, ఆవిడ మీద నాకున్న కోపమంతా ఆ మాటతో ఎటుపోయిందో తెలియదు. ఇద్దరం పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాం. నీ మీద కోపం కూడా పోయిందని రాయాలని ఉంది. పూర్తిగా పోలేదు. అందుకే రాయడంలేదు.

షిరీన్

*

తాడేపల్లిగూడెం,
20 ఫిబ్రవరి 2025.

షిరీన్‌కి,

ఈ ఉత్తరం చేరేసరికి నదీమ్ చెప్పే ఉంటాడు. చెప్పకపోతే నేను చెప్తున్నాను.

నిన్న కొట్లో లైనింగులు కత్తిరిస్తుంటే గుమ్మంలో నిలబడ్డాడు. ప్యాంటు మోకాళ్ళదాకా తడి, ఐసు లారీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు. నేను లేచి నిలబడ్డాను, తిడతాడని. "వదినగారూ, మా అమ్మ వాడి బెంగతో అన్నం తినడంలేదండి. ఆ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి" అన్నాడు. అంతే. కత్తెర అక్కడే వదిలేసి బయల్దేరాను.

భీమడోలు దగ్గర నేనే అన్నాను, "తప్పు నాది బాబూ" అని. "మీదేనండి" అన్నాడు. మర్యాదగా అన్నాడు, అది ఇంకా గుచ్చుకుంది.

డాక్టరు గారిని ఏం అడిగాడో తెలుసా? పిల్లలు పుడతారా, మగతనం పోతుందా, ఇవేవీ కాదు. "పెద్దయ్యాక నిలబడి పొయ్యగలడాండి?" అన్నాడు. ఆయన "దానికేనండీ ఇదంతా" అన్నారు. నదీమ్ అటు తిరిగి కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడు.

ఆ చీటీల పోలిక ఏమైందని నేను అడిగాను. ఇంకా తేలలేదట. బీజం పొర వేసినవాళ్ళకి కారడం కాస్త తక్కువలా కనిపిస్తోందిగానీ ఇప్పుడే పైకి చెప్పలేనన్నారు. మనవాడికి ఎలాగూ అదే. అలాగని ధైర్యపడకు, మచ్చ మీద కుట్టడం వేరన్నారు. చిల్లు పడితే మళ్ళీ కుట్టాల్సి రావచ్చు. ముందే చెప్తున్నాను, ఈసారి ఏదీ దాచను.

రంజాన్ పండగ అయ్యాక ఏప్రిల్‌లో తారీఖు. నేను ఆసుపత్రికి రావచ్చో రాకూడదో నువ్వే చెప్పు. రావద్దంటే ఏలూరులో సూర్యకాంతం గారి చుట్టాలింట్లో కూర్చుని అన్నం వండి పంపుతాను.

ఆబిదా

*

కైకలూరు,
22 జూన్ 2025.

అక్కా,

ఆసుపత్రిలో నా పక్కన పడుకున్నావు, మూత్రం పోవడానికి గొట్టం వేసినన్నాళ్ళూ షాబాజ్ చేతులు పట్టుకుని కూర్చున్నావు, ఒక్కసారి కూడా సలహా ఇవ్వలేదు. నీ నోరు అన్నాళ్ళు మూసుకుని ఉండడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను. నా కోపం పోయింది.

నువ్వు వెళ్ళాక జరిగింది విను. ఇంటికొచ్చిన నాలుగోరోజున వాడు తూము దగ్గర నిలబడి పోశాడు. ముందుకి, దూరంగా, గోడ దాకా. నదీమ్ పరుగెత్తుకొచ్చి అమ్మా అమ్మా అని కేకలు. అత్తయ్యగారు కళ్ళజోడు కోసం తడుముకునేలోపు అయిపోయింది. "మళ్ళీ పొయ్యమనరా" అని వాడికి గ్లాసు గ్లాసు నీళ్ళు తాగించారు.

ఆ మర్నాడు చూశాను. ధారతో పాటు అడుగున ఒక చుక్క. కుట్టు మధ్యలోంచి. ఏలూరు తీసుకెళ్ళాం. సూదిమొన అంత చిల్లు అన్నారు. చిన్నదే, దానంతటది మూసుకోవచ్చు, లేకపోతే వచ్చే ఏడాది ఇంకోసారి కుట్టాలి. పొర పట్టింది, పైన చర్మమే చాలలేదన్నారు. ఆ తోలు ఉండి ఉంటే అని ఆయన అనలేదు. మేమే అనుకున్నాం, ముగ్గురం, ఎవరికి వాళ్ళం. రోజూ పొద్దున్నే ఆ చుక్క ఉందా లేదా అని చూస్తున్నాను. ఇవాళ కూడా ఉంది.

అసలు నీకు రాయాలనుకున్నది ఇంకొకటి. నిన్న మా వీధి చివర షకీలా ఇంట్లో మనవడికి పేరు పెట్టారు. ఆడవాళ్ళందరం వెళ్ళాం. ఉయ్యాల్లో పిల్లాణ్ణి చూపించి షకీలా అత్తయ్యగారితో గట్టిగా అంది, "మీ మనవడిలాగే వీడికీ దేవుడే చేసి పంపాడు పిన్నీ, మీ నోటితో దీవించండి" అని. అందరూ ఈవిడ వైపే చూశారు. ఈ వీధిలో ఆ దీవెన గురించి చెప్పాల్సింది ఈవిడే కదా.

అత్తయ్యగారు ఉయ్యాల దగ్గరికెళ్ళి, గుడ్డ తప్పించి, కళ్ళజోడు పెట్టుకుని చూశారు. గుడ్డ మళ్ళీ కప్పారు. తనకి వినపడదు కాబట్టి అందరికీ వినపడదనుకుంటారు కదా, అంత గొంతుతో మాట్లాడారు.

"దేవుడు చేసిన సున్తీ కాదమ్మా ఇది. పిల్లాడికి పోసే దారి సరిగా రాలేదు. మా వాడికీ ఇంతే. నాకు తెలియక, పైన ముక్క మిగిలిందని నేనే కోయించాను. ఆ ముక్కతోనే డాక్టరు బాగుచేసేవాడు. నా చేతులతో పాతిపెట్టించాను. ఇప్పటికీ వాడికి చుక్క కారుతోంది. మీరు కోయించకండి. ఏలూరు తీసుకెళ్ళండి, బుచ్చిబాబు అని ఉంటారు, నేను కూడా వస్తాను."

షకీలా మొహం మాడిపోయింది, పండగపూట ఇవేం మాటలని ఎవరో గొణిగారు. ఉయ్యాల పక్కన కూర్చున్న బాలింత ఒక్కతే తల ఎత్తి అత్తయ్యగారి వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు అక్కా. ఏడాది పాటు నేను అలాగే చూశాను, ఎవరైనా అడుగుతారేమోనని. ఆ పిల్ల లేచొచ్చి అత్తయ్యగారి చెయ్యి పట్టుకుంది. రేపు ముగ్గురూ ఏలూరు వెళ్తున్నారు. రోడ్డు బాగానే ఉంది.

నువ్వూ నేనూ జాకెట్ల మధ్య పెట్టి దాచుకున్న మాట ఆవిడ పదిమంది మధ్యలో నిలబడి చెప్పేసింది. ఆకాశమేం విరిగిపడలేదు.

ఈ మూటలో జాకెట్ గుడ్డలు ఉన్నాయి, అవి నిజంగా కుట్టడానికే. ఇక ఉత్తరాలు పెట్టకు. ఇది అందిన రోజు సాయంత్రం ఫోన్ చెయ్యి. అత్తయ్యగారు నీతో మాట్లాడాలంటున్నారు. స్పీకర్‌లోనే పెడతాను.

షిరీన్